ఇంటికీ పెరటికీ కాలం తెచ్చే చిక్కులు

తెలుగు నాట ఇంటినీ పెరటినీ బాధించే చిక్కుల్లో చాలా వాటికి కంటపడే కాలం ఒకటైతే, మొదలయ్యే కాలం మరొకటి. శ్రావణంలో గోడ మీద తేలే చెమ్మకు దారి వేసవిలోనే పడుతుంది; తొలకరిలో కుట్టే దోమ అంతకు ముందెప్పుడో గుడ్డు రూపంలో ఇంటి ఆవరణలోనే దాగి ఉంటుంది. బాధ బయటపడిన రోజున మందు కోసం వెతకడం కంటే, అది ఏ కాలంలో, ఎక్కడ పుడుతున్నదో తెలుసుకుని అక్కడే అడ్డుకోవడం సులభమూ, తక్కువ ఖర్చుతో కూడినదీ.

రోహిణి కార్తె ఎండకు డాబా పగలంతా వ్యాకోచించి, రాత్రి చల్లబడి సంకోచిస్తూ ఉండడం వల్ల పిట్టగోడ మొదట్లో సన్నని పగుళ్లు ఏర్పడతాయి. జూన్ మొదటి వారంలో మృగశిర కార్తె ప్రవేశించి వానలు మొదలైనప్పుడు నీరు ఆ పగుళ్లలోకి దిగి, క్రమంగా గోడంతా పాకుతుంది. గోడ ఆరే సమయంలో ఇటుకలోనూ సిమెంటులోనూ ఉండే లవణాలు నీటితో పాటు ఉపరితలానికి వచ్చి తెల్లని పొడిగా మిగులుతాయి గనుక, నీరు దిగే చోటును పూడ్చకుండా పైన రంగు వేయిస్తే ఆ రంగు పెచ్చులుగా ఊడిపోతుంది. డాబా పగుళ్లను మే నెలలోనే పూడ్పించుకోవాలి. వానాకాలంలో చెక్క తలుపులు తేమను పీల్చి ఉబ్బి బిగుసుకుంటాయి. అప్పుడే వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టిస్తే వేసవిలో చెక్క ఆరి, తలుపుకూ ద్వారబంధానికీ మధ్య సందు మిగులుతుంది.

తొలకరి జల్లు పడిన సాయంత్రం దీపాల చుట్టూ మూగే ఉసిళ్లు రెక్కలు వచ్చిన చెదపురుగులే. అవి బయటి నుంచి వెలుతురు కోసం వచ్చినవైతే ఊడ్చిపారేస్తే సరిపోతుంది. అయితే ద్వారబంధం పగులు నుంచో, గోడ మూల నుంచో గుంపుగా వెలువడితే మాత్రం తీవ్రంగా తీసుకోవాలి. ఒక చెదపుట్ట ఉసిళ్లను పుట్టించే స్థితికి ఎదగడానికి కొన్ని సంవత్సరాలు పడుతుంది కనుక, అలా వెలువడ్డాయంటే ఆ ఇంటి చెక్కను చెద ఏళ్ల తరబడి తింటున్నదని అర్థం. అటువంటి చోట పైపై మందు చల్లి ఊరుకోవడం వల్ల ప్రయోజనం లేదు. చెదకు ఆధారమైన తేమ ఎక్కడి నుంచి అందుతున్నదో కనిపెట్టి ఆపాలి.

వీటన్నిటి కంటే ప్రాణాపాయకరమైనది డెంగీని వ్యాపింపజేసే దోమ. ఇది మురుగునీటిలో కాక, కూలరు అడుగున, కుండీల కింది పళ్లెంలో, పాత టైరులో, కొబ్బరి చిప్పలో నిలిచే తేటనీటిని వెతుక్కుంటుంది. గుడ్లను నీటిలో వదలకుండా, నీటిమట్టానికి కాస్త పైన తడిగా ఉండే పాత్ర గోడకు నల్లని చుక్కలుగా అంటిస్తుంది. నీరు పారబోసినా అవి పాత్రను వదలవు. నెలల తరబడి ఎండినా బతికి ఉండి, మళ్లీ నీరు తగలగానే పగిలి, వెచ్చని వాతావరణంలో వారం పది రోజుల్లోనే దోమలవుతాయి. వేసవి ముగియగానే కూలరును నీరు తీసి మూల పెట్టే ఇళ్లలో మరుసటి ఏడాది దానిలో నీరు పోసిన మొదటి రోజే గుడ్లకు తడి అందుతున్నదన్నమాట. ఆంధ్రప్రదేశ్‌లో ‘ఫ్రైడే - డ్రైడే’ అంటూ వారానికి ఒక రోజు నీటి పాత్రలను ఖాళీ చేయమని చేసే ప్రచారం వెనుక ఉన్న లెక్క ఆ వారం పది రోజులదే. అయితే ఒంపడంతో సగం పనే పూర్తవుతుంది. కొబ్బరి పీచుతో పాత్ర లోపలి గోడలను గట్టిగా తోమి, ఎండబెట్టాలి. ప్రతి ఇంట్లోనూ విధిగా జరగవలసిన పని ఇది.

వానాకాలపు గాలిలోని తేమ వంటింటి డబ్బాల్లోకి కూడా చేరుతుంది. బియ్యంలో తేమ పెరిగే కొద్దీ ముక్కుపురుగు వేగంగా వృద్ధి చెందుతుంది. ఆడపురుగు తన పొడుగాటి ముక్కుతో గింజకు రంధ్రం చేసి, అందులో ఒక గుడ్డు పెట్టి, జిగురు పదార్థంతో మూసివేస్తుంది. పిల్లపురుగు గింజ లోపలే తింటూ పెరిగి, సుమారు నెల రోజులకు పెద్ద పురుగై బయటికి వస్తుంది. జల్లించినప్పుడు పోయేవి బయట తిరిగే పురుగులే కాబట్టి, శుభ్రం చేసిన బియ్యంలో కొన్ని వారాలకు మళ్లీ పురుగు కనిపించడంలో వింత లేదు. కొత్త బియ్యాన్ని పాత బియ్యం మీద పోయకుండా, డబ్బాను ఖాళీ చేసి, కడిగి, పూర్తిగా ఆరిన తరువాతే నింపాలి. పెసలు, అలసందల వంటి వాటిని పుచ్చుపురుగు పొలంలో ఉండగానే ఆశిస్తుంది. గింజ మీద అతుక్కుని కనిపించే తెల్లని చుక్కలు దాని గుడ్లు. పప్పుధాన్యాలకు ఆముదం పట్టించి నిలవచేసే అలవాటు పాతదే అయినా శాస్త్రసమ్మతం: పలుచని నూనెపొర గుడ్డుకు గాలి అందకుండా చేస్తుంది.

పెరట్లో కాలభేదాన్ని స్పష్టంగా చెప్పేది మిరప మొక్క. పొడి వాతావరణంలో తామరపురుగులు రసం పీలిస్తే ఆకుల అంచులు పైకి ముడుచుకుంటాయి. దీనిని రైతులు పైముడత అంటారు. వెచ్చదనమూ తేమా కలిసినప్పుడు నల్లి ఆశిస్తే ఆకులు తిరగేసిన పడవల్లా కిందికి వంగుతాయి, ఇది కిందిముడత. నల్లి ఎనిమిది కాళ్ల జీవి, సాలీడు వర్గానికి చెందినది కనుక పురుగుల కోసం తయారైన మందులు చాలావరకు దాని మీద పనిచేయవు. తామరపురుగులకు లీటరు నీటిలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు ద్రావణం కలిపి, సాయంత్రం వేళ ఆకుల అడుగుభాగం తడిసేలా చల్లాలి. నల్లికి నీటిలో కలిసే గంధకం పొడిని లీటరుకు 3 గ్రాముల చొప్పున వాడాలి.

చలికాలంలో వచ్చే బూడిద తెగులు అనే శిలీంధ్ర వ్యాధికి, తక్కిన చాలా శిలీంధ్రాలకు వలె ఆకు మీద నీరు నిలవవలసిన అవసరం లేదు. పగటి పొడి, రాత్రి చల్లదనం చాలు. గులాబీ మీద దీనిని గంధకం అదుపు చేస్తుంది గాని, బీర, కాకర, దోస వంటి తీగజాతి కూరగాయల మీద అదే గంధకం చల్లితే ఆకులు మాడిపోతాయి. వేపనూనె చల్లిన మొక్కకు రెండు వారాలు గడిచే దాకా, ఎండ తీవ్రంగా ఉన్న రోజుల్లో ఏ మొక్కకూ, గంధకం వాడకూడదు.