విష లోహాలు చేరిన చేలు: మొక్కకు తోడు మట్టి బాక్టీరియా

ఫ్యాక్టరీ నీళ్లు పారిన చేను మీకుందా? అయితే ఇది చదవండి. పురుగుమందు అవశేషాలు చాలావరకు కొన్నాళ్లకు విరిగిపోతాయి. సీసం, క్రోమియం, కాడ్మియం అలా పోవు. ఎన్ని దుక్కులు దున్నినా మట్టిలోనే ఉండి, ఆకుకూరల్లోకి, పశువుల మేతలోకి ఎక్కుతాయి.

మన దగ్గర ఇది కొత్త కాదు. పటాన్‌చెరు కాలుష్యంపై 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. ఉస్మానియా క్యాంపస్‌ను ఆనుకున్న తార్నాక దాటితే, ఉప్పల్ రోడ్డు మీద జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు పటాన్‌చెరు, కాటేదాన్ మట్టిని పరీక్షించి, భార లోహాలు మామూలు కన్నా ఎక్కువగా ఉన్నాయని తేల్చారు. ఆ వివరాలు 2001లో, 2008లో అచ్చయ్యాయి.

మొక్క చేసే పని

ఆవ, పొద్దుతిరుగుడు వంటి మొక్కలు వేళ్లతో లోహాన్ని కొంత పీల్చుకుంటాయి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ ఎం.ఎన్.వి. ప్రసాద్ ఇలాంటి మొక్కల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. ఆముదం మీద కూడా పనిచేశారు.

బాక్టీరియా చేసే సాయం

లోహం మట్టి రేణువులకు గట్టిగా అంటుకుని ఉంటే వేరుకు అందదు. వేళ్ల చుట్టూ ఉండే సూడోమోనాస్, బాసిల్లస్ జాతుల్లో కొన్ని ఆమ్లాలు వదిలి దాన్ని కరిగిస్తాయి. వేరు పెరిగే హార్మోనును ఇచ్చి, విషం తాకిడికి మొక్క కుంగకుండా చూస్తాయి. మరికొన్ని దీనికి ఎదురు పని చేస్తాయి. తేలిగ్గా కరిగే విష క్రోమియాన్ని అంతగా కరగని రూపంలోకి మారుస్తాయి. అప్పుడు లోహం చేలోనే ఉంటుంది గాని, పంటకు ఎక్కేది తగ్గుతుంది.

అంటే బాక్టీరియా లోహాన్ని తినేయదు. పైకి తీయడానికో, కదలకుండా కట్టేయడానికో తోడ్పడుతుంది. కరిగించే రకాన్ని వేసి అదే మడిలో పాలకూర పెడితే విషాన్ని చేతులారా కూరలోకి ఎక్కించినట్టే. అందుకే నిపుణులను అడగకుండా ఏ పొడీ చల్లకండి. బజారులో దొరికే జీవన ఎరువు ప్యాకెట్టుతో చేను శుభ్రపడుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

రైతు చేయాల్సింది

- ముందు ఆ నీరు చేలోకి రాకుండా ఆపాలి. నీరు వస్తుండగా ఎంత తీసినా వృథాయే.
- మామూలు భూసార పరీక్షలో సీసం, కాడ్మియం తేలవు. భార లోహాల పరీక్ష కావాలని వ్యవసాయాధికారిని అడగాలి.
- చేలో పది చోట్ల, 15 సెంటీమీటర్ల లోతు వరకు మట్టి తీసి కలిపి, అందులో అర కిలో పంపాలి. తుప్పు పట్టిన పార వాడకూడదు.
- లోహం తీయడానికి వేసిన మొక్కను పశువులకు మేపకూడదు. ఎరువు కుప్పలో వేయకూడదు, కాల్చకూడదు. దాన్ని ఎక్కడికి పంపాలో అధికారులు చెప్పాకే విత్తాలి.
- తేలేదాకా ఆకుకూరలు, దుంపలు మానండి. తినడానికి పనికిరాని ఆముదం వంటి పంట వేసుకోవచ్చేమో అడగండి.

ఇది ఒక కారుతో అయ్యే పని కాదు, ఏళ్లు పడుతుంది. ఎకరం, అరెకరం ఉన్నవారు అన్నేళ్లు తిండి పంట మానుకోలేరు. కాబట్టి ఊళ్లో చేలు పాడైన వారంతా కలిసి ఒకే అర్జీ పెట్టండి. పరీక్ష ఖర్చు, పంట నష్టం రెండూ అందులో అడగండి. భూమిని పాడుచేసినవాడే బాగుచేసే ఖర్చు భరించాలని 1996లో సుప్రీంకోర్టు మరో కాలుష్యం కేసులో చెప్పింది.