కంటికి కనబడని తుప్పు
(కారు బ్రేకు డిస్కులు, హబ్బులు: వాని సంరక్షణము)

నిత్యము దున్నుచుండు నాగలికఱ్ఱు వెండివలె మెఱయును. పని తీఱిన పిమ్మట కొట్టములో మూలబడిన కఱ్ఱు నెల తిరుగకమునుపే ఎఱ్ఱబడును. ఈ సంగతి నెఱుగని రైతు లేడు. అయినను అదే రైతు తన వాకిట నిలిచియున్న కారు చక్రముల సందున ఎఱ్ఱని తుప్పు చూచినపుడు మిక్కిలి కలవరపడును. లేదా బొత్తిగా లక్ష్యపెట్టకుండును. ఈ రెండును సరికావు. బ్రేకులయందలి తుప్పులో భయపడనక్కఱలేనిది యొకటి, భయపడవలసినది మఱియొకటి కలవు. మొదటిది కంటికి కనబడును. రెండవది చక్రము విప్పినగాని కనబడదు. మన సభ్యులలో పలువురు కార్లను, చిన్న సరకుల బండ్లను ఉంచుకొనియున్నారు గనుక ఈ భేదమును వివరింపనెంచితిమి.

ఈ భాగము లెట్టివి?

మన దేశమున నడచుచున్న చిన్న కార్లలో పెక్కింటికి ముందు చక్రములయందు డిస్కు బ్రేకులును, వెనుక చక్రములయందు డ్రమ్ము బ్రేకులును ఉండును. డిస్కు లేక రోటరు అనునది చక్రముతోపాటు తిరుగు ఇనుప పళ్లెము. పెడలు తొక్కినపుడు పాడ్లు రెండు ప్రక్కలనుండి దానిని ఒత్తిపట్టి బండిని ఆపును. ఈ డిస్కు హబ్బుపై, అనగా చక్రమును మోయు లోహపు దిమ్మపై, ఆనియుండును.

ఇంగ్లండు దేశపు యంత్రశాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ లాంచెస్టరు 1902వ సంవత్సరమున డిస్కు బ్రేకునకు పేటెంటు పొందెను. నేటికిని కార్ల డిస్కులను సాధారణముగా పోతయినుముతోనే చేయుదురు. మోటారు సైకిళ్ల డిస్కులను తఱచు స్టెయిన్‌లెస్ ఉక్కుతో చేయుచుండగా కార్లకు ఏల చేయరని అడుగవచ్చును. పోతయినుము వేడిని త్వరగా వ్యాపింపజేయును, అదరును, కీచుధ్వనిని అణచును, వెలయు తక్కువ. ఈ మేళ్లకు మనము చెల్లించు సుంకమే తుప్పు.

తుప్పునకు కారణములు

ఇనుము, నీరు, ప్రాణవాయువు కలిసినచోట తుప్పు పుట్టును. గాలిలో తేమ నూటికి 60 పాళ్లు మించినచో అది త్వరపడును. ఉప్పు సోకిన ఇనుమునకు అంతకంటె తక్కువ తేమయే చాలును. కావుననే సముద్రతీర గ్రామములలోని బండ్లు మెట్టసీమలోని బండ్లకన్న ముందుగా తుప్పుపట్టును.

రైతుల బండ్లకు మఱియొక శత్రువు కలదు. అది ఎరువు. మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ అనగా పొటాషియం క్లోరైడు. ఇనుము విషయమున అది ఉప్పువంటిదే. యూరియా గాలిలోని తేమను పీల్చుకొనును. బస్తాలనుండి రాలిన ఎరువు నీటిలో కరగి చక్రములలోనికి చేరినచో, తీరమునకు ఎంత దూరమున నున్న బండియైనను తీరపు బండివలెనే పాడగును.

భయపడనక్కఱలేని తుప్పు

వాన వెలిసిన మఱునాడు డిస్కు ముఖమున కనబడు పలుచని ఎఱ్ఱపొర వట్టి పైపూత. నిర్జనమైన దారిలో మెల్లగా పోవుచు నాలుగైదుసారులు బ్రేకు తొక్కినచో పాడ్లే దానిని రాచివేయును. మొదట కొంచెము గరగరమను ధ్వని వినబడును; పిమ్మట పోవును. గోటితో పోవుదానికి గొడ్డలి యేల? ఇందులకై మందులు కొననక్కఱలేదు.

కాని బండి నెలల తరబడి కదలక నిలిచినపుడు తుప్పు లోనికి దిగి గుంటలు చేయును. బ్రేకు పలుమారులు వేసినను పోని గుంటలు, పగుళ్లు కనబడినచో నిపుణునికి చూపవలయును. డిస్కు ఎంతవఱకు అఱుగవచ్చునో ఆ కనిష్ఠపు మందమును సాధారణముగా దానిమీదనే ముద్రింతురు. అంతకు తగ్గినచో ఒకే ఇరుసునందలి రెండు డిస్కులను కలిపి మార్పవలయును.

భయపడవలసిన తుప్పు

ఈ వ్యాసరచయితకు జరిగిన సంగతి యొకటి చెప్పెదను. కాలువగట్టు దారిని పోవుచుండగా ఒక గేదె హఠాత్తుగా అడ్డము వచ్చినది. బ్రేకు తొక్కగానే స్టీరింగు చేతులలో గడగడ వణకినది. ఆ అదరుపాటునకు కాలు పెడలుమీదనుండి దానంతటదే లేచినది. మఱల తొక్కగా బండి నీటి అంచునకు జానెడు దూరమున ఆగినది. వెనుక పిల్లలు కూర్చుండియుండిరి. డిస్కులు వంగినవని చెప్పి ఒక మరమ్మతుశాలలో క్రొత్తవి వేసిరి. కొన్ని నెలలకే వణకు మఱల మొదలైనది. మఱియొక జత వేసిరి. అదియు నట్లే అయినది. తుదకు వేఱొక ముసలి మెకానిక్కు డిస్కును ఊడదీసి హబ్బు ముఖముపై వ్రేలు రాచి, ఎఱ్ఱబడిన వ్రేలును నాకు చూపెను. దోషము డిస్కులది కాదు. వాని వెనుక దాగిన తుప్పుది.

ఇందలి కారణము లెక్కవలన తేటపడును. హబ్బు ముఖము అడ్డుకొలత 140 మిల్లీమీటర్లు, డిస్కు అడ్డుకొలత 260 మిల్లీమీటర్లు అనుకొందము. హబ్బు అంచున ఒకవైపున కాగితములో సగము మందముగల తుప్పుపెచ్చు, అనగా 0.05 మిల్లీమీటరు, ఉన్నచో డిస్కు అంచున ఆ వంకర సుమారు 0.09 మిల్లీమీటరు అగును. చాల కార్లకు అనుమతించు వంకర ఇంచుమించు 0.05 నుండి 0.10 మిల్లీమీటరు వఱకే. ఇట్లు వంకరగా తిరుగు డిస్కు ప్రతి చుట్టులోను ఒకేచోట పాడ్లకు రాచుకొని అచ్చట పలుచబడును. ఇందులకు కొంతకాలము పట్టును గనుకనే క్రొత్త డిస్కు మొదట బాగుగానుండి పిమ్మట వణకును.

శుభ్రపఱచు విధము

బండిని సమతలమున నిలిపి, నేలమీదనుండు చక్రములకు ముందువెనుకల దిమ్మలు పెట్టి, నట్లను కొంచెము వదులుచేసిన పిదప జాకీతో ఎత్తి, గట్టి స్టాండుపై ఆనింపవలయును. జాకీని మాత్రమే నమ్మి బండిక్రిందికి పోరాదు. బ్రేకు ధూళిని నోటితో గాని గాలిగొట్టముతో గాని ఊదరాదు; పాత పాడ్లలో ఊపిరితిత్తులకు చేటైన ఆస్‌బెస్టాసు ఉండవచ్చును. తడిగుడ్డతో తుడువవలయును.

కాలిపరును విప్పి తీగెతో పైకి కట్టవలయునే గాని దాని రబ్బరు గొట్టముపై వ్రేలాడదీయరాదు. డిస్కు ఊడిన పిదప హబ్బు ముఖమును, స్టడ్ల మొదళ్లను, డిస్కు లోపలి ముఖమును ఇనుపతీగెల బ్రష్షుతోను గరుకుకాగితముతోను లోహము కనబడువఱకు రుద్దవలయును. ఆకురాయి వాడరాదు; అది లోహమునే తినును. క్రొత్త డిస్కునకు పూసియుండు నూనెను బ్రేకు క్లీనరుతో కడిగి, ఆరిన తరువాతనే బిగింపవలయును. డయల్ గేజితో వంకర కొలిచినచో సందేహము తీఱును.

ఇచ్చట ఒక పాత అలవాటును విడువవలయును. ఎడ్లబండి ఇరుసునకు కందెన ధారాళముగా పెట్టుట మంచిదే. కారు డిస్కునకు కందెన సోకినచో బ్రేకు పట్టదు, పాడ్లును చెడును. స్టడ్లకును నూనె పూయరాదు. బిగింపు లెక్క తప్పును. నట్లను ఎదురెదురుగా, బండి పుస్తకములో చెప్పిన మేరకు టార్కు రెంచితో బిగించి, సుమారు 100 కిలోమీటర్లు నడచిన పిదప మఱల చూచుకొనవలయును. బ్రేకుపనిలో అనుభవము లేనివారు ఈ పనిని స్వయముగా చేయక, మెకానిక్కుచేత తమ యెదుట చేయించుకొనుట క్షేమము.

నివారణము

ఎరువు మోసిననాడే చక్రముల లోపలివైపు మంచినీటితో కడిగి, పిదప కొంతదూరము నడిపి మెల్లగా బ్రేకులు వేసి ఆరనీయవలయును. కడిగి అట్లే నిలుపుట కడుగకుండుటకన్న పెద్ద మేలు కాదు. వారమున కొకసారియైనను బండిని కదలింపవలయును. వానకాలమున చాలదినములు నిలుపవలసినచో, సమతలమున చక్రములకు దిమ్మలు పెట్టి గేరులో ఉంచి, చేతిబ్రేకును వదలవలయును. లేనిచో పాడ్లో షూలో తుప్పుతో అతుకుకొనును. 2024వ సంవత్సరము సెప్టెంబరులో విజయవాడయందు బుడమేటి వఱదలో మునిగిన బండ్లవలె నీట నిలిచిన బండికి బ్రేకులు, హబ్బు బేరింగులు, బ్రేకు ద్రవము పరీక్షింపక ప్రయాణము చేయరాదు.

సభ్యులకు ఒక సూచన

డయల్ గేజి, టార్కు రెంచి, మంచి స్టాండ్లు ఒక్కొక్కరు కొనుట భారము. ఏడాదికి రెండుమారులకు మించి వాని అవసరమును రాదు. పదిమందికి ఉమ్మడిగా ఒక జత చాలును. తైలయంత్రములను, ధాన్యపు గిడ్డంగులను ఉమ్మడిగా ఉంచుకొనగలవారము ఈ మూడు పనిముట్లను ఉంచుకొనలేమా? రెండుమారులు వృథాగా మార్చిన డిస్కుల వెలను తలచుకొన్నప్పుడెల్ల నాకు ఈ యాలోచనయే కలుగుచున్నది. రాబోవు సభలో సభ్యులు దీనిని చర్చింతురుగాక. అంతవఱకు, ఈమారు చక్రము విప్పినపుడు డిస్కు వెనుకకు ఒకసారి చూడుడు.