బీడీ చుట్టే వేళ్లకు కీమో తిమ్మిరి
‘బరీ ఆహే’ అని ఊరుకోవద్దు.. డాక్టరుకు చెప్పాల్సిందే

షోలాపూర్: మగ్గాన్ని నమ్ముకుని తెలంగాణ పల్లెల నుంచి షోలాపూర్ చేరిన కుటుంబాలు మనవి. మగవారు మగ్గం మీద కూర్చుంటే, ఆడవారు బీడీల చాట ముందేసుకుంటారు. కూలి వెయ్యి బీడీల లెక్కన. వేలు కదిలితేనే పైసా. అలాంటి ఇంట్లో ఇల్లాలికి రొమ్ము క్యాన్సర్ వస్తే.. ప్రాణం గురించి అందరూ అడుగుతారు. వేళ్ల గురించి అడిగేదెవరు?

కీమో అనగానే మన ఆడవాళ్లు భయపడేది జుట్టు ఊడుతుందని. చికిత్స అయిపోయాక కొన్ని నెలల్లో అది మళ్లీ వస్తుంది. వేళ్ల సంగతి అలా కాదు. రొమ్ము క్యాన్సర్‌కు ఎక్కువగా వాడే ప్యాక్లిటాక్సెల్ మందు చేతులు, కాళ్ల కొసల్లోని నరాలను దెబ్బతీయొచ్చు. మొదట చీమలు పారినట్టుంటుంది. తర్వాత వేళ్లు మొద్దుబారతాయి. తునికాకు కోసే కత్తెర పట్టు చిక్కదు. దారం బిగిసిందో లేదో తెలియదు. కొందరికి ఇది నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి ఉంటుంది.

చెబితే కీమో ఆపేస్తారేమోనని చాలామంది దాస్తారు. నిజానికి ముందే చెబితే డాక్టర్ల చేతిలో దారులున్నాయి. మోతాదు తగ్గిస్తారు, ఒక వారం ఆగుతారు, అవసరమైతే మందు మారుస్తారు. ముదిరాక చెబితే చేయగలిగింది తక్కువ.

ఇంకో చిక్కు భాష. ‘ఎలా ఉన్నావు’ అని మరాఠీలో అడిగితే ‘బరీ ఆహే’ అనేసి లేచి వస్తారు. తిమ్మిరికి మరాఠీలో మాట లేక కాదు. ‘ముంగ్యా యేతాత్’ అంటే చాలు. అక్కడా చీమలే, ఇక్కడా చీమలే!

రోగి ఎలా బతుకుతున్నదో కొలవడానికి ప్రపంచమంతా వాడే ఒక ప్రశ్నావళిలో 30 ప్రశ్నలున్నాయి. నిద్ర, ఆకలి, అలసట, ఇంటిపని, డబ్బు ఇబ్బంది.. అన్నీ అందులో ఉన్నాయి. అంటే ఇవి చెప్పుకోవడం గొణుగుడు కాదు, వైద్యంలో భాగమే.

ఖర్చు విషయానికొస్తే, మహాత్మా జ్యోతిరావు ఫులే జన ఆరోగ్య యోజన కింద కుటుంబానికి ఏటా రూ.5 లక్షల వరకు వైద్యం ఇవ్వాలని మహారాష్ట్ర ప్రభుత్వం 2023లో నిర్ణయించింది. ఆస్పత్రి బిల్లుకు అది ఆసరా. చుట్టని బీడీల కూలి మాత్రం ఎవరూ ఇవ్వరు. అందుకే వేళ్లను కాపాడుకోవడం ఇంటిని కాపాడుకోవడమే.

ఇవి మరవొద్దు
* జ్వరం 100.4 డిగ్రీలు దాటితే తెల్లారేదాకా ఆగొద్దు. వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. కీమోతో తెల్లకణాలు తగ్గి ఉంటాయి.
* కీమో అయిన రోజుల్లో చాట పక్కన పెట్టాలి. తంబాకు ఘాటుకు వాంతి వచ్చినట్టుంటుంది.
* వేళ్లు మొద్దుబారితే వేడి గిన్నె, కత్తెరతో జాగ్రత్త. కాలినా, తెగినా తెలియదు.
* గుండీ పెట్టుకోలేకపోయినా, సూదిలో దారం ఎక్కించలేకపోయినా ఆ తేదీ రాసిపెట్టుకుని తర్వాతి కీమోకు ముందే డాక్టరుకు చూపించాలి. చదువు రాకపోతే కోడలో బిడ్డో రాయొచ్చు.