అర్థం మేము చెబుతాం, మాట మీరు చెప్పండి

“అప్పు తీసుకున్నవాడు కట్టకపోతే నేను కడతానని ఇంకొకరు పడే పూచీ.” ఒక్క మాటలో దీన్ని ఏమంటారు?

జవాబు జామీను. ఈ మాట మనందరం విన్నదే. అయినా దాని అర్థం ఇంత విడమర్చి తెలియక, చుట్టం అడిగాడు కదా అని సంతకం పెట్టేసేవాళ్లున్నారు. తర్వాత ఆ అప్పు వాళ్ల మెడకే చుట్టుకుంటుంది. మాట చెవిన పడినంత మాత్రాన అర్థం తెలిసినట్టు కాదు.

అర్థం చెప్పి మాట రాబట్టే ఈ ఆట ఇంట్లో పిల్లలతో ఆడుకోవచ్చు. ఇది పొడుపు కథ కాదు. తెలుగు పొడుపు కథైనా, అమీర్ ఖుస్రో పేరుతో చెప్పుకునే పహేలీ అయినా అర్థాన్ని దాచిపెడుతుంది. ఇక్కడ దాచేది ఏమీ లేదు, ఉన్నదున్నట్టు చెప్పడమే.

అలా చెప్పడానికీ ఒక పద్ధతుంది. ముందు అది ఏ రకం వస్తువో చెప్పాలి. తర్వాత ఆ రకంలో మిగతావాటికీ దీనికీ తేడా ఏంటో చెప్పాలి. “నీళ్లు పోసుకునేది” అంటే బిందె కావచ్చు, గ్లాసు కావచ్చు. “సన్నని మెడ ఉన్న మట్టి పాత్ర, ఎండాకాలం నీళ్లు చల్లగా ఉంచుతుంది” అంటే కూజా అని పిల్లలు టక్కున చెప్పేస్తారు.

మన పాతపట్నం వైపు ఈ ఆటకు మాటల కరువు లేదు. ఇంట్లో తెలుగు, పెద్దల నోట ఉర్దూ, పక్కనే పర్లాకిమిడిలో ఒడియా. రసీదు, జిల్లా లాంటి మాటలు మూడు భాషల్లోనూ ఉన్నాయి. శ్రీకాకుళం ఒకప్పుడు చికాకోల్ సర్కారుకు ముఖ్యపట్టణం. కుతుబ్‌షాహీల కాలంలో, తర్వాత నిజాం కాలంలో శిస్తు లెక్కలతో, కచేరీ పనులతో పాటు ఫార్సీ, అరబ్బీ మాటలు తెలుగులో కలిసిపోయాయి. కంపెనీ దొరలు వచ్చాక కూడా అవే నడిచాయి. తెలుగులో వాడే ఇలాంటి పరభాషా మాటలకు సి.పి. బ్రౌన్ 1854లో ప్రత్యేకంగా ఒక నిఘంటువే వేశాడు.

ఇప్పుడు ఇవి చెప్పండి చూద్దాం:

1. జేబులో మడిచి పెట్టుకుని, ముఖం తుడుచుకునే చిన్న గుడ్డ.
2. కొలతలు తీసుకుని బట్టలు కుట్టేవాడు.
3. డబ్బు ముట్టిందని రాసిచ్చే చిన్న కాగితం.
4. ఇల్లు, పొలం ఎవరి నుంచి ఎవరికి, ఏ షరతులతో చేతులు మారిందో రాసిన పత్రం.
5. కోర్టులో మన తరఫున వాదించేవాడు.
6. గొడవపడ్డ ఇద్దరూ చెరి కొంత తగ్గి ఒప్పుకోవడం.

జవాబులు: రుమాలు, దర్జీ, రసీదు, దస్తావేజు, వకీలు, రాజీ. ఫార్సీలో ‘రూ’ అంటే ముఖం, ‘మాల్’ అంటే తుడిచేది. రుమాలు అర్థం ఆ పేరులోనే ఉంది.

ఒక్క జాగ్రత్త. మాట ఒకటే అయినా తెలుగులో ఒక అర్థం, ఉర్దూలో ఇంకో అర్థం ఉండొచ్చు. తెలుగులో రాజీనామా అంటే ఉద్యోగం వదులుకోవడం. ఉర్దూలో అది రాజీ పడ్డామని రాసుకున్న కాగితం, ఉద్యోగం వదిలితే ఇస్తీఫా. సవాల్ అంటే ఉర్దూలో ప్రశ్న, తెలుగులో పందెం విసరడం. ఉర్దూలో బాకీ అంటే మిగిలినది, తెలుగులో తీర్చాల్సిన అప్పు. ఖరీదు తెలుగులో వెల, ఉర్దూలో కొనడం. దాదీ ఒక అర్థంలో అన్నమాట మనవడు ఇంకో అర్థంలో తీసుకునేది ఇలాంటి చోటే. అందుకే ఇలాంటి మాట వచ్చినప్పుడు రెండు అర్థాలూ చెప్పించండి.

రాత్రి అన్నాలయ్యాక రోజుకు ఐదు మాటలు చాలు. ఒకరోజు పెద్దవాళ్లు అర్థం చెప్పాలి, మర్నాడు పిల్లలు చెప్పాలి. మాట చెప్పడం కన్నా అర్థం చెప్పడమే కష్టమని అప్పుడు తెలుస్తుంది. వాటిలో ఒక మాట ఇంట్లో ఉన్న కరెంటు బిల్లు నుంచో, బ్యాంకు కాగితం నుంచో, పొలం పత్రం నుంచో తీయండి. రేపు సంతకం పెట్టాల్సి వచ్చినప్పుడు, “దీని అర్థం ఏంటి?” అని అడిగే అలవాటు అక్కడే మొదలవుతుంది.