నల్గొండ నీళ్లు, వాటర్లూ ఓటు

వాటర్లూ నగరంలో కుళాయి నీళ్లలో ఫ్లోరైడ్ కలపాలా, వద్దా? 2010 అక్టోబర్ 25న మున్సిపల్ ఎన్నికలతో పాటే ఈ ప్రశ్న కూడా ఓటర్ల ముందుకు వచ్చింది. అప్పటికి నేను యూనివర్సిటీ ఆఫ్ వాటర్లూలో మాస్టర్స్ చేయడానికి వచ్చి రెండు నెలలైంది. ఇళ్ల ముందు గడ్డిలో గుచ్చిన బోర్డుల మీద ‘ఫ్లోరైడ్’ అన్న మాట చూసి నడిచేవాణ్ని ఆగిపోయాను. మాది నల్గొండ జిల్లా. ఇంగ్లిష్ అక్షరం ముక్క రాని మా నాయనమ్మకు కూడా తెలిసిన మాట అది.

మర్రిగూడ, మునుగోడు వైపు ఊళ్లు చూసినవాళ్లకు వివరించక్కర్లేదు. అక్కడ భూమిలోంచి వచ్చే నీళ్లలోనే ఫ్లోరైడ్ మోతాదు మించి ఉండేది. పళ్లు గారపట్టేవి, ఎముకలు వంగిపోయేవి, నడివయసులోనే చేతికి కర్ర వచ్చేది. ఇక్కడ సంగతి వేరు. పళ్లు పుచ్చకుండా ఉండటానికి లీటరుకు మిల్లీగ్రాము కంటే తక్కువ మోతాదులో ప్రభుత్వమే నీళ్లలో కలిపేది. అయినా వద్దన్నవాళ్లు ఉన్నారు, కావాలన్నవాళ్లూ ఉన్నారు. లైబ్రరీల్లో సభలు, పత్రికల్లో ఉత్తరాలు, దంతవైద్యుల ప్రకటనలు. చివరికి ముప్పై వేల మందికి పైగా ఓటేస్తే, వద్దన్న పక్షం రెండు వందల లోపు ఓట్ల తేడాతో నెగ్గింది. రీజియన్ కౌన్సిల్ ఆ తీర్పును మన్నించి ఫ్లోరైడ్ ఆపేసింది. (నన్నడిగితే ఆ మోతాదులో ఉంచాల్సిందనే అంటాను. నల్గొండవాణ్నై ఉండి ఈ మాట అంటున్నానంటే ఆలోచించండి.)

రెండు వందల ఓట్లు. మన దసరా, దీపావళి కార్యక్రమాల్లో భోజనాల వరుసలో నిలబడేవాళ్లే అంతకంటే ఎక్కువ ఉంటారు.

నీళ్ల కోసం ఓటు పెట్టెను వాడుకోవడం మా జిల్లాకు ఒకరు నేర్పాల్సిన పని కాదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. దేశ చరిత్రలో ఏ లోక్‌సభ స్థానానికీ అంతమంది నిలబడలేదు. దుశర్ల సత్యనారాయణ నడిపిన జల సాధన సమితి పిలుపుతో ఫ్లోరైడ్ బాధితులు, రైతులు వందల సంఖ్యలో నామినేషన్లు వేశారు. వాళ్లెవరూ గెలవడానికి వేయలేదు. తమ నీళ్ల గోస ఢిల్లీ దాకా వినపడాలని వేశారు. పోలింగే వాయిదా పడింది. బ్యాలెట్ కాగితం పుస్తకమంత అయింది. ఆఖరికి సీపీఐ అభ్యర్థి బొమ్మగాని ధర్మభిక్షం గెలిచారు. నాకప్పుడు ఎనిమిదేళ్లు. ఆ బ్యాలెట్‌ను ఎలా మడిచి పెట్టెలో వేయాలో మా నాన్న దినపత్రికతో నాయనమ్మకు చూపించడం గుర్తుంది.

ఆ జిల్లా నుంచి, పక్క జిల్లాల నుంచి వచ్చినవాళ్లం ఇక్కడ ఎలా ఉన్నాం?

మొన్న చలికాలంలో లారెల్‌వుడ్‌లో ఒక మిత్రుడి ఇంట్లో పాట్‌లక్. కింద బేస్‌మెంట్‌లో మగవాళ్లంతా చేరారు. అమరావతి పనులు ఎంతవరకు వచ్చాయో ఒకరు లెక్కలతో చెప్పారు. హైదరాబాద్‌లో ఏ డివిజన్‌లో ఎవరికి టికెట్ వస్తుందో ఇంకొకరు చెప్పారు. మధ్యలో నేను, ‘మన వార్డు కౌన్సిలర్ ఎవరు?’ అని అడిగాను. అందరూ ప్లేట్లలోకి చూశారు. వరంగల్ తమ్ముడొకడు నవ్వేసి, ‘గా ముచ్చట మనకెందుకన్నా? మంచు తీస్తున్నరు, చెత్త పట్కపోతున్నరు. ఇంకేం గావాలె?’ అన్నాడు.

వాడి మాటలో తప్పు పట్టడానికి లేదు. ఇక్కడ పనులు వాటంతట అవే జరుగుతున్నట్టు ఉంటాయి. కానీ ఏటా వచ్చే ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లును కాస్త నిదానంగా చదవండి. అందులో సిటీకి ఒక వాటా, రీజియన్‌కి ఒక వాటా, బడులకు ఒక వాటా ఉంటాయి. పార్కులు, ఫైర్ ఇంజన్లు, మన పక్క స్థలంలో ఎన్ని అంతస్తులు లేపొచ్చన్నది సిటీ పని. పోలీసు, అంబులెన్సు, బస్సులు, నీటి సరఫరా, చెత్త ఎత్తడం రీజియన్ పని. వాటర్లూ, కిచెనర్, కేంబ్రిడ్జ్ నగరాలు, వాటి చుట్టూ ఉన్న నాలుగు టౌన్‌షిప్‌లు కలిపి 1973లో ఏర్పడిన ఈ రీజియన్‌ను మన జిల్లా పరిషత్‌తో పోల్చుకోవచ్చు. ప్రధానమంత్రి ఎవరన్నదాని కంటే, పిల్లవాడు బడికి వెళ్లే దారిలో రోడ్డు దాటే చోటు ఉందా లేదా అన్నది వీళ్ల మీదే ఎక్కువ ఆధారపడి ఉంది.

కౌన్సిల్ ఏమరుపాటుగా ఉంటే ఏమవుతుందో కూడా ఈ ఊరు చూసింది. పిల్లల్ని ఐస్ స్కేటింగ్‌కి తీసుకెళ్లే రిమ్ పార్క్ మనలో చాలామందికి తెలుసు. దాని కోసం 2000లో చేసిన అప్పుకు మొత్తం సుమారు 11 కోట్ల డాలర్లు కట్టాల్సి వస్తుందని కౌన్సిల్ అనుకుంది. తీరా లెక్క చూస్తే 22 కోట్లు దాటింది. జస్టిస్ రోనాల్డ్ సిల్స్ విచారణ జరిపి 2003లో నివేదిక ఇచ్చారు. ఆ ఏడాది ఎన్నికల్లో మేయర్ మారారు. కట్టేది మాత్రం ఊరివాళ్లే కదా.

ఇంత ముడిపడి ఉన్నా ఓటేసేవాళ్లు తక్కువ. 2022 మున్సిపల్ ఎన్నికల్లో ఒంటారియో మొత్తం మీద ఓటేసింది మూడింట ఒక వంతు, కాస్త అటూ ఇటూ. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ పంచాయతీ ఎన్నికల్లో 80 శాతం దాటింది. మన ఊళ్లలో సర్పంచ్ ఎన్నికంటే పండగ, పంతం, ఖర్చు అన్నీ కలిసి ఉంటాయి. ఇక్కడ బ్యాలెట్ మీద పార్టీ పేరు ఉండదు, గుర్తు ఉండదు. ఉత్త పేర్లే. మనకది చప్పగా అనిపించడంలో వింత లేదు. వాటర్లూలో ఉన్నది ఏడు వార్డులు. ఒక వార్డులో ఫలితం తేలడానికి ఎన్ని ఓట్లు చాలో మీరే ఊహించుకోండి.

‘నాకింకా పీఆరే, ఓటు లేదు’ అని చాలామంది అంటారు. నిజమే, కెనడా పౌరులకే ఓటు. కానీ కౌన్సిల్ సమావేశంలో కూర్చోవడానికి, పేరిచ్చి మాట్లాడటానికి పాస్‌పోర్టు ఎవరూ అడగరు. రెజీనా వీధిలోని సిటీ హాల్‌కు నేను మొదటిసారి వెళ్లింది పీఆర్ మీద ఉన్నప్పుడే. ఆరోజు విద్యార్థుల కోసం కట్టబోయే ఒక అపార్ట్‌మెంట్ మీద చర్చ. ఎనభై దాటిన ఒక పెద్దావిడ చేత్తో రాసుకున్న కాగితం పట్టుకుని, ఆ భవనం నీడ తన కూరగాయల మడి మీద ఏ గంటకు పడుతుందో చదివి వినిపించింది. ఆమె తర్వాత ఒక విద్యార్థి లేచి, ఒక గదిలో ముగ్గురం ఉంటున్నామని, అద్దె ఎంత కడుతున్నామో చెప్పాడు. ఇద్దరి మాటా అంతా నిశ్శబ్దంగా విన్నారు. ఆ అద్దెగదుల్లో ఉండేవాళ్లలో మన పిల్లలు ఎంతమందో నాకు తెలుసు. ఆ హాల్లో మాత్రం తెలుగు మొహం నాదొక్కటే.

పంజాబీలు ఈ విషయంలో మనకంటే చాలా ముందున్నారు. 2015 నుంచి వాటర్లూ ఎంపీగా ఉన్న బర్దీష్ చగ్గర్ ఆ కుటుంబాల నుంచే వచ్చారు. మనవాళ్లలో అల్బెర్టాలో ప్రసాద్ పండా మంత్రిగా చేశారు. అలాంటి పేర్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

వచ్చే మున్సిపల్ ఎన్నికలు 2026 అక్టోబర్ 26న. మే 1 నుంచి ఆగస్టు 21 దాకా నామినేషన్లు. కౌన్సిలర్‌గా నిలబడాలంటే వంద డాలర్ల రుసుము, పాతికమంది ఓటర్ల సంతకాలు చాలు. ఎవరో ఒకరు నిలబడాలని నేను అనడం లేదు, నిలబడితే సంతోషమే. ముందు ఇంటి తలుపు తట్టే అభ్యర్థిని గుమ్మంలో ఒక ప్రశ్నయినా అడుగుదాం. చలిలో అంతదూరం నడిచి వచ్చినవాళ్లు సమాధానం చెప్పకుండా వెళ్లరు.

బడుల ట్రస్టీలను ఎన్నుకునేదీ ఆరోజే. ట్రస్టీ ఓటు మనకెందుకని వదిలేసేవాళ్లకు ఒక సంగతి. ఒంటారియోలో ఇరవై మందికి పైచిలుకు పిల్లల తల్లిదండ్రులు రాతపూర్వకంగా అడిగితే, వాళ్ల మాతృభాషలో తరగతి పెట్టే బాధ్యత స్కూల్ బోర్డుదే. మనం ఆదివారాలు హాలు అద్దెకు తీసుకుని, చందాలు వేసుకుని అ ఆ ఇ ఈలు నేర్పిస్తున్నాం. అది మానమని కాదు. అడిగితే వచ్చేదాన్ని అడగకపోవడం ఎందుకు? అందుకే ఒక అర్జీ రాసి పట్టుకు తిరుగుతున్నాను. ఇప్పటికి పదకొండు సంతకాలు వచ్చాయి. పన్నెండోది వరంగల్ తమ్ముడిది కావాలి. వాళ్ల పాప బడిలో చేరేది ఈ సెప్టెంబర్‌లోనే.