మోతియాబింద్ ఆపరేషన్: 4 మైక్రాన్ల పొరను కాపాడే పరికరాలు

మన మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు మోతియాబింద్ అన్నా, శుక్లం అన్నా జబ్బు ఒకటే. కంట్లోని లెన్స్ మసకబారడం. ఆపరేషన్ కొద్దిసేపట్లో అయిపోతుంది కాబట్టి చాలామంది దాన్ని చిన్న పని అనుకుంటారు. లోపల మాత్రం అంతా సున్నితమే.

లెన్స్ ఒక పల్చని సంచిలో ఉంటుంది. పాత లెన్స్ తీసేసి ఆ సంచిలోనే కొత్తది పెడతారు. సంచి వెనుక పొర మందం మధ్యలో సుమారు 4 మైక్రాన్లే. తల వెంట్రుకలో పదో వంతు కూడా ఉండదు. అది చిరిగితే లెన్స్ ముక్కలు కంటి వెనక్కి జారిపోవచ్చు, మళ్లీ ఆపరేషన్ చేయాల్సి రావచ్చు.

శుక్లాన్ని పీల్చి తీయడం పాత ఆలోచనే. సుమారు వెయ్యేళ్ల కింద మోసుల్‌కు చెందిన కంటి హకీం అమ్మార్ అల్ మౌసిలీ బోలు సూదితో పీల్చే పద్ధతి గురించి రాశారు. 1967లో అమెరికా డాక్టర్ చార్లెస్ కెల్మన్ అల్ట్రాసౌండ్‌తో లెన్స్‌ను నలగ్గొట్టి పీల్చే ‘ఫేకో’ పద్ధతి తెచ్చారు.

చిక్కంతా పీల్చే బలంతోనే. ముక్క సూది మూతికి అడ్డం పడితే గొట్టంలో ఆ బలం పెరుగుతుంది. అడ్డు తొలగగానే ఒక్కసారిగా లాగేస్తుంది. స్ట్రాతో ఫలూదా తాగుతుంటే ఇరుక్కున్న ముక్క గబుక్కున నోట్లోకి వచ్చినట్టు. అప్పుడు పొర కూడా సూదిలోకి రావచ్చు. అందుకే ఈ ఏర్పాట్లు:

• గొట్టం: లోపలికి నొక్కుకుపోని గట్టి రకం వాడతారు.
• సెన్సర్: కొత్త యంత్రాలు ఒత్తిడి మార్పును పసిగట్టి పీల్చడం తగ్గిస్తాయి.
• పెడల్: మొదటి మెట్టులో నీళ్లు, రెండోదాంట్లో పీల్చడం కూడా, మూడోదాంట్లో అల్ట్రాసౌండ్. కాలు ఎత్తితే ఆగిపోతుంది.
• మూతి: చివర్లో మిగిలిన మెత్తని పదార్థం తీయడానికి మెత్తని సిలికాన్ మూతి కూడా ఉంటుంది.
• జెల్: కార్నియా లోపలి కణాలు పోతే మళ్లీ పుట్టవు. వాటికి ఇది దిండులా అడ్డుంటుంది.

యంత్రం లేకుండా చిన్న కోతతో చేసే ఆపరేషన్ కూడా ఉంది. అక్కడ నున్నటి అంచులున్న పరికరం, జెల్, డాక్టర్ చేతి అనుభవం, ఇవే రక్షణ.

పరికరం ఎంత మంచిదైనా పేషెంట్ సాయం కావాలి. దగ్గు ఉంటే ముందే చెప్పండి, ఆపరేషన్ మధ్యలో తల కదిలితే ప్రమాదం. ప్రొస్టేట్ కోసం టామ్సులోసిన్ మాత్ర వాడుతున్నా, ఎప్పుడో మానేసినా తప్పకుండా చెప్పండి. ఆ మందు వల్ల కంట్లోని ఐరిస్ సడలి పరికరానికి అడ్డొస్తుంది. తెలిస్తే డాక్టర్ ముందే సిద్ధమవుతారు. మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు.