పశువు గుండె దెబ్బను పట్టించే రక్త పరీక్ష

మన హాస్టల్ మిత్రుల్లో చాలామంది ఇళ్లలో ఒక ఆవో, గేదో ఉంటుంది. దాని పాల డబ్బుతోనే పుస్తకాలు కొనుక్కున్నవాళ్లమూ ఉన్నాం. అది మేత మానేస్తే ఇంట్లో ముందు అజీర్తి అనుకుంటారు, వాము, సొంఠి పడతారు. కొన్నిసార్లు జబ్బు పొట్టలో మొదలై గుండెలో తేలుతుంది.

పశువు మేతను సరిగా నమలకుండానే మింగి, తర్వాత తీరిగ్గా నెమరు వేస్తుంది. గడ్డితోపాటు తీగముక్కో, మేకో పోయినా దానికి తెలియదు. అది తేనెపట్టులా గళ్లుండే రెండో పొట్టలో చిక్కుకుంటుంది. ఆ పొట్టకూ గుండెకూ మధ్య అడ్డం డయాఫ్రం పొర ఒక్కటే. పొట్ట ముడుచుకున్నప్పుడల్లా తీగ ముందుకు జరిగి, చివరికి గుండె సంచిని గుచ్చుతుంది. అక్కడ చీము పడుతుంది. మెడలోని రక్తనాళం ఉబ్బడం, గంగడోలుకు నీరు దిగడం, పల్లంలోకి నడవనని మొరాయించడం కనిపించేసరికి చాలావరకు చేయి దాటిపోయినట్టే.

గుండె కండరంలో ట్రోపోనిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. దీన్ని 1960లలో జపాన్ శాస్త్రవేత్త సెత్సురో ఎబాషి బృందం కనుగొంది. ఇందులో గుండెకే ప్రత్యేకమైన ట్రోపోనిన్-ఐ రకం ఆరోగ్యంగా ఉన్న ఆవు రక్తంలో దాదాపు కనిపించదు. గుండె కణాలు దెబ్బతింటే కొన్ని గంటల్లోనే రక్తంలోకి చేరుతుంది. క్షీరదాలన్నింటిలో దీని నిర్మాణం దగ్గరగా ఉండటంతో, మనుషుల గుండెపోటుకు వాడే పరీక్షలు చాలావరకు పశువులకూ పనికొస్తాయి. పాత పద్ధతిలో చూసే సీకే, ఏఎస్‌టీ ఎంజైములతో చిక్కేమిటంటే, ఈనిన ఆవు లేవలేక పడుకుని తొడ కండరాలు నలిగినా అవి పెరుగుతాయి.

గాలికుంటు వ్యాధిలోనూ ఇది ఉపయోగమే. లేగదూడల్లో ఆ వైరస్ గుండె కండరాన్నే పట్టుకుంటుంది. నోట్లో పుండ్లు లేకుండానే దూడ హఠాత్తుగా చనిపోవచ్చు. కోసి చూస్తే గుండె మీద చారలుంటాయి, దీన్నే ‘పులి గుండె’ అంటారు. ఇలాంటి దూడల రక్తంలో ట్రోపోనిన్ పెరుగుతుంది. 2019లో మొదలైన జాతీయ కార్యక్రమంలోనూ నాలుగు నెలలు నిండని దూడలకు ఈ టీకా వేయరు. తల్లికి వేయించిన టీకా బలమే జున్నుపాలతో దూడకు అందాలి.

అయితే ట్రోపోనిన్ గుండె దెబ్బతిన్నదని చెబుతుందే గాని, ఎందుకో చెప్పదు. గుండె సంచి నిండా చీమున్నా, కండరం పెద్దగా చెడకపోతే కొద్దిగానే పెరగవచ్చు. అందుకే స్కానింగ్ కూడా చూస్తారు. తీగ ఇంకా పొట్టలోనే ఉంటే అయస్కాంతం మింగించి ఆపవచ్చు, లేదా ఆపరేషన్ చేసి తీయవచ్చు. గుండె దాకా పోయాక అయస్కాంతం దాన్ని వెనక్కి లాగలేదు. అప్పు చేసి ఆపరేషన్ చేయించాలా వద్దా అని రైతు తేల్చుకోవలసింది సరిగ్గా అక్కడే.